ఆవిరికి స్కేలు లేదు

చిన్న ఆవిరి ఇంజన్లు, మోడల్ లోకోలు (ఆవిరి రైలింజన్ల చిన్న రూపాలు) ఇంట్లో సొంతంగా కట్టాలనుకునే కొత్తవాళ్లకి ఈమధ్య ఒకే సలహా పదే పదే వినిపిస్తోంది. అసలు ఇంజన్ డ్రాయింగ్ సంపాదించు, కంప్యూటర్లో ఎనిమిదో వంతుకి తగ్గించు, భాగాలు కోయించు, బిగించు, అయిపోయింది. నిప్పు రాజేసి, వెనకాల ట్రాలీ మీద మనిషిని కూర్చోబెట్టి లాగించి చూసినవాళ్లెవరూ ఈ మాట అనరు.

ఎనిమిదో వంతు చేస్తే ఏమవుతుందో లెక్క వేయండి. పొడవు 8 రెట్లు తగ్గుతుంది. ఉపరితలం 64 రెట్లు, ఘనపరిమాణం 512 రెట్లు తగ్గుతాయి. అంటే సిలిండర్‌లోకి వచ్చిన ఆవిరి ఎంతుందో, దాని లెక్కన చూస్తే చల్లబరిచే గోడ పెద్ద ఇంజన్‌లో కన్నా 8 రెట్లు ఎక్కువ. పెద్దదాంట్లో పని చేసి బయటికి పోవాల్సిన ఆవిరిలో చాలా భాగం చిన్నదాంట్లో లోపలికి వస్తూనే నీళ్లయిపోతుంది. ఆ నీళ్లు పిస్టన్‌కీ మూతకీ మధ్య చిక్కుకుంటే నొక్కుకుపోవు, మూతే పగులుతుంది. బయలుదేరే ముందు డ్రెయిన్ కాక్‌లు, అంటే సిలిండర్‌లోంచి నీళ్లు వదిలే చిన్న కుళాయిలు, తెరిచి నీళ్లు వదిలేది ఇందుకే. అందం కోసం వాటిని ఉత్తుత్తిగా అతికించినవాళ్ల లోకోలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

బాయిలర్ గొట్టాల సంగతీ అంతే. పెద్ద బాయిలర్‌లో రెండంగుళాల దరిదాపు గొట్టాలు బోలెడు ఉంటాయి. ఎనిమిదో వంతుకి దించితే అవి పావంగుళం అవుతాయి. అంత సన్నటి గొట్టంలోంచి వేడి గాలి సరిగ్గా లాగదు, మసి త్వరగా పూడ్చేస్తుంది. అందుకే గొట్టాల సంఖ్య తగ్గించి లావు పెంచుతారు. గొట్టం పొడవుని లోపలి వ్యాసం వర్గంతో భాగిస్తే, అంగుళాల్లో, 50 నుంచి 70 మధ్య రావాలని ఒక పాత లెక్క ఉంది. లోపలి వ్యాసం అరంగుళమైతే పొడవు పన్నెండున్నర నుంచి పదిహేడున్నర అంగుళాలన్నమాట. పెద్ద ఇంజన్ డ్రాయింగ్‌లో ఈ లెక్క ఎక్కడా కనపడదు, దానికి అక్కర్లేదు కాబట్టి.

వందేళ్ల కిందటే తేలిన విషయం ఇది. 1920లలో ఇంగ్లండ్‌లో ఎల్‌బీఎస్‌సీ అనే కలం పేరుతో రాసే ఆయన ఒకరుండేవారు. అంత చిన్న లోకోలో బొగ్గు మండదు, స్పిరిట్ దీపమే గతి అని పేరున్నవాళ్లే అంటున్న రోజుల్లో, రెండున్నర అంగుళాల ఎడంతో వేసిన పట్టాల మీద తన బొగ్గు ఇంజన్‌తో పెద్ద మనిషిని లాగించి చూపించారు. ఆయన బాయిలర్ పెద్ద బాయిలర్‌కి నకలు కాదు. ఆ సైజులో నిప్పు ఎలా మండుతుందో, నీళ్లు ఎలా మరుగుతాయో గమనించి, దానికి తగ్గట్టు కొలతలు పెట్టుకున్నారు.

కొలతల విషయంలోనూ అంతే. మైక్రోమీటర్ ఉంటే చాలనుకుంటారు. ఎక్కడ ఖచ్చితంగా ఉండాలో, ఎక్కడ అక్కర్లేదో తెలియడమే అసలు పనితనం. ఇరుసుకి రెండు చివర్లా ఉండే క్రాంక్‌లు ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉండాలని అందరికీ తెలుసు. ఆ కోణం 90 బదులు 89 అయినా లోకో నడుస్తుంది. కానీ మొదటి ఇరుసుకి 89 అయితే మిగతా ఇరుసులన్నిటికీ అదే 89 రావాలి. ఒక్కటి తేడా పడినా చక్రాలని ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ రాడ్లు పట్టేస్తాయి. అప్పుడు చాలామంది చేసే పని, రాడ్ రంధ్రాన్ని ఆకురాయితో రాపాడి పెద్దది చేయడం. చక్రాలు తిరుగుతాయి, కానీ నడిచినంతసేపూ టకటకమంటూనే ఉంటాయి. దానికన్నా ఒక జిగ్, అంటే అన్నిటినీ ఒకే కోణంలో పట్టి ఉంచే అచ్చు, చేసుకుని చక్రాలన్నీ దాంట్లోనే పెట్టి బిగించడం నయం కదా. జిగ్ చేయడానికి ఒక సాయంత్రం పోతే పోనీండి.

ఇంతవరకూ చెప్పినవాటిలో తప్పు జరిగితే పోయేది శ్రమే. బాయిలర్‌లో అలా కాదు. మామూలు సీసం-తగరం టంకంతో అతికిన బాయిలర్లని వీడియోల్లో గర్వంగా చూపిస్తున్నారు. చదరపు అంగుళానికి 80 పౌండ్ల ప్రెషర్ దగ్గర లోపలి నీళ్లు దాదాపు 162 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటాయి. ఆ టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలెడుతుంది. నీటిమట్టం కాస్త పడిపోయి నిప్పుగది పైరేకు బయటపడితే, మధ్యలో ఉన్న ఆ 21 డిగ్రీలు ఎంతసేపు ఆగుతాయి? అతుకు ఊడిన క్షణాన ఆ నీళ్లలో కొంత ఒక్కసారిగా ఆవిరై ఉబ్బుతుంది. ముందు కూర్చున్నది తరచూ పిల్లలే. వెండి టంకం 600 డిగ్రీలు దాటితే గానీ కరగదు. రాగి బాయిలర్‌కి అదే వాడాలి, అందులోనూ కాడ్మియం లేని రకం, ఎందుకంటే కాడ్మియం పొగ విషం.

ఇంకొందరు బాయిలర్‌ని గాలి కొట్టి టెస్ట్ చేస్తున్నారు. దయచేసి మానేయండి. నొక్కిన గాలి దాచుకున్న శక్తినంతా ఒక్కసారే బయటికి తోస్తుంది. బాయిలర్‌ని గాలి బుడగ కూడా మిగలకుండా నీళ్లతో నింపి, చేతి పంపుతో, నడిపే ప్రెషర్‌కి రెట్టింపు దాకా ఎక్కించి నిలపాలి. నీళ్లు దాదాపుగా నొక్కుకుపోవు కాబట్టి అతుకు ఊడినా కాస్త చిమ్మి ఆగిపోతుంది. ఇంజన్‌ని, అంటే సిలిండర్లు, వాల్వులని, మొదటిసారి తక్కువ ప్రెషర్ గాలితో తిప్పి చూసుకోవచ్చు. అది వేరు, ఇది వేరు.

మొదలెట్టాలనుకునేవాళ్లు లోకోతో మొదలెట్టకండి. సిలిండరే అటూ ఇటూ ఊగే ఇంజన్ ఒకటి చేయండి. దానికి విడిగా వాల్వ్ ఉండదు. సిలిండర్ ఊగుతుంటే దాని రంధ్రమే ఆవిరి దారిని తెరుస్తుంది, మూస్తుంది. సిలిండర్, అది ఆనుకుని ఊగే దిమ్మ, ఈ రెంటి ముఖాలూ గాజుపలక మీద పరిచిన సన్నటి ఎమరీ కాగితంపై చదునుగా రుద్దగలిగితే ఇంజన్ నడిచినట్టే.

వీడియోలు పెట్టేవాళ్లని ఒక్కటే అడుగుతున్నాను. మెరిసే ఫ్లైవీల్ తిరగడం మేమూ ఇష్టంగానే చూస్తాం. దానికి ముందు నీళ్ల టెస్ట్ పెట్టండి. పంపు కొట్టడం ఆపాక గేజ్ ముల్లు కదలకుండా నిలబడిందో లేదో, కట్ చేయకుండా పూర్తిగా చూపించండి.