గోదావరికి ఒక పీఆర్వో కావాలి

గోదావరికి ఇన్నేళ్లుగా ఒక పీఆర్వో లేకపోవడం రెండు గట్ల వాళ్లమూ సిగ్గుపడాల్సిన విషయం. ఏటా జులై, ఆగస్టుల్లో ఆ నదికి సంక్షోభం వస్తుంది. అప్పుడు దాని తరఫున మాట్లాడేది ఎవరయ్యా అంటే, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అడుగులు గీసిన ఒక కొలబద్ద. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 'ప్రమాదం' అనే మాటను మొహమాటం లేకుండా బహిరంగంగా వాడేస్తున్నారు. బ్రాండ్ ఏమైపోవాలి?

పైగా ఆ అంకె వినగానే ఏటి మధ్య ఉన్న కనకాయలంక వాళ్లు, వరదొస్తే మునిగిపోయే తమ కాజ్‌వే సంగతి లెక్కేసుకుని సరుకులు తెచ్చుకుంటారు, గేదెల్ని గట్టెక్కిస్తారు. ఒక సంస్థ చెప్పిన మాటను జనం ఉన్నదున్నట్టు నమ్మేయడం ఈ రోజుల్లో అనారోగ్యకరమైన ధోరణి.

కనుక నిపుణుల పద్ధతిలో కొన్ని సవరణలు. మొదటి హెచ్చరికకు బదులు: "కొన్ని మాధ్యమాల్లో వస్తున్న వార్తలు మా దృష్టికి వచ్చాయి. నీరు నదిలోనే ఉంది." రెండోదానికి: "లంకల్లో కనిపిస్తున్న తేమపై అంతర్గత విచారణకు ఆదేశించాం. వినియోగదారుల భద్రతే మా ప్రథమ ప్రాధాన్యం." మూడోదానికి ప్రకటనే అక్కర్లేదు. ఫోన్లు స్విచాఫ్ చేసి, కామెంట్లు ఆపేసి, కొబ్బరిచెట్ల మధ్య సూర్యోదయం ఫొటో పెడితే చాలు. 1986 ఆగస్టులో ఈ సదుపాయం లేకే 35 లక్షల క్యూసెక్కులని పేపర్లో పడింది, ముసలివాళ్లు ఇప్పటికీ అప్పజెబుతున్నారు.

ఇదంతా నా పైత్యం అనుకునేరు. 2017 ఏప్రిల్లో అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఒక డాక్టరుగారిని సీట్లోంచి లాగి నడవలో ఈడ్చుకుపోయారు. లోకమంతా వీడియో చూశాక కంపెనీ పెద్దాయన మొదట చెప్పిన క్షమాపణ దేనికంటే, ప్రయాణికులను వేరేచోట సర్దాల్సి వచ్చినందుకట. ఆ లెక్కన ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద కూర్చున్నవాళ్లు వరద బాధితులు కారు, సర్దిపెట్టిన వినియోగదారులు.

అయితే ఈ పీఆర్ రంగానికి ఒక మచ్చ ఉంది. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలనాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్‌లో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. విషం కలిపింది తాము కాకపోయినా, దాన్ని అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఆ మందు వాడొద్దని తనే చెప్పి, దేశమంతటి నుంచీ 3 కోట్లకు పైగా సీసాలు వెనక్కి తెప్పించింది. తర్వాత గట్టి సీళ్లతో మళ్లీ అమ్మి నిలబడింది. శిక్షణ తరగతుల్లో మొదటి గంట ఈ కథే చెబుతారు. రెండో గంట నుంచి, ఫిర్యాదు చేసినవాడికి లీగల్ నోటీసు పంపడం ఎలాగో నేర్పుతారు.

2015లో మ్యాగీ నూడుల్స్‌లో సీసం ఎక్కువుందన్న గొడవప్పుడు, వాటిని తయారుచేసే నెస్లే 'మాది సురక్షితం' అన్న ఒక్క మాట పట్టుకు కూర్చుంది. కోర్టు చేయించిన పరీక్షల్లో చివరికి నెగ్గింది కూడా. ఈలోగా వేల టన్నుల నూడుల్స్ సిమెంటు బట్టీల్లో కాలిపోయాయి.

మనవైపూ ప్రతిష్ఠకు కొదవ లేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ చుట్టుపక్కలే ఒక కొట్టు అనుకోండి. అబ్బాయి హైదరాబాద్‌లో ఎంబీఏ చేసొచ్చాడు. ఒకావిడ డబ్బా తెచ్చి, "నెయ్యి వాసనొస్తోందండీ" అన్నారు. కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి 'కస్టమర్ అనుభవంలో స్వల్ప వ్యత్యాసం' దాకా టైపు చేసేసరికి, తండ్రి ఓ రేకు తుంచి నోట్లో వేసుకున్నాడు.

"నిజమేనమ్మా, పాత నెయ్యి. తప్పు మాదే. నిన్నటి సరుకు పట్టుకెళ్లినోళ్లందరికీ డబ్బులిచ్చేస్తాం. ఒరేయ్, బోర్డు మీద రాయి."

"నాన్నా, ఎవరో వీడియో తీస్తున్నారు!"

"తియ్యనీరా, అందరికీ తెలుస్తుంది."

మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు క్యూ. ఇంత నష్టం ఎలా జరిగిందో తేల్చడానికి అబ్బాయి ఒక కన్సల్టెంటును పిలిపించాడు.