గార పండ్లు, పెండ్లిచూపులు, తల్లి మాట

పిల్లల సోకుల మీద పెట్టే శ్రద్ధలో సగమన్నా గుణం మీద పెట్టండని తల్లులకు చెప్పేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. చెప్పేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ, ఆ సంగతి ప్రస్తుతానికి వదిలేద్దాం. నల్లగొండ జిల్లాలో, అందులోనూ మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్లలో ఈ ఉపదేశం అంత సులువుగా అతకదు. ఇక్కడ బిడ్డ రూపం గురించి తల్లి పడే టెన్షన్ బోరునీళ్ల దగ్గర మొదలైంది.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ ఊళ్లలో చాలాచోట్ల తరాల తరబడి జనం అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగారు. పటిక, సున్నంతో ఆ నీళ్లను శుద్ధి చేసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పెట్టిన పేరే ‘నల్లగొండ టెక్నిక్’. జిల్లాకు అలాంటి పేరొచ్చింది. కాళ్లుచేతులు వంకర్లు పోయినవాళ్ల ఫొటోలు పేపర్లలో చూశాం. ఎముకలు బాగానే ఉండి పండ్లు, అంటే దంతాలు, గారపట్టి మచ్చలు పడినవాళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. చిగుళ్ల లోపల పండ్లు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, ఒంట్లోకి ఎక్కువగా వెళ్లిన ఫ్లోరైడ్ ఎనామిల్ సరిగ్గా ఏర్పడనివ్వదు. పన్ను మచ్చతోనే బయటికొస్తుంది. ఉప్పుతో తోమినా, బొగ్గుతో తోమినా, వేపపుల్ల అరిగిపోయేదాకా తోమినా పోదు.

చూసేవాళ్లకు ఇదంతా తెలియదు. పండ్లు తోముకోడని, గుట్కా నములుతాడని, శుభ్రం లేని మనిషని అనుకుంటారు. అంటే రూపాన్ని చూసి గుణం తేల్చేస్తారు. పట్నంలో ఉద్యోగం అడగడానికి పోయిన పిల్ల నోరు తెరిచేలోపే సగం మార్కులు పోతాయి. అలాంటప్పుడు ఫొటోలో పెదాలు మూసి నవ్వమని కూతురికి నేర్పిన తల్లికి సోకులెక్కువని అనడానికి నాకు నోరు రాదు. పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు పనికి పోయి దసరాకు తిరిగొచ్చిన తల్లి, అప్పుచేసైనా పిల్లలకు కొత్త బట్టలు కొనడం కూడా ఇలాంటిదే. తన పిల్లలు దిక్కులేనోళ్లు కారని ఊరికి తెలియాలి. ఆ ఖర్చు దుబారా అనేవాళ్లు ఆ ఇంట్లో వారం ఉండి రావాలి.

ఇంతవరకూ నేను తల్లుల పక్షమే. పేచీ అంతా కొడుక్కి పిల్లను చూసే దగ్గరొస్తుంది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వే అలవాటున్న తల్లే పెండ్లిచూపులకు వెళ్తుంది. ఎదురుగా కూర్చోబెట్టిన అమ్మాయిని “ఏం చదివినవ్ బిడ్డా?” అని అడుగుతుంది. జవాబు మీద ఆమెకు ధ్యాసుండదు, చూపంతా పండ్ల మీదే. ఆటో ఎక్కీ ఎక్కగానే “పిల్ల మంచిదే గని గార పండ్లు. రంగు గూడ జర తక్కువనే” అంటుంది. ఆ ఆటోలో ఆమె పక్కన పదేళ్ల చిన్న కొడుకు కూడా ఉంటాడు. మనుషుల్ని ఎట్లా చూడాలో వాడికి ఆ రోజు తెలిసిపోతుంది. తర్వాత ఎన్ని నీతికథలు చెప్పినా వాడికి గుర్తుండేది ఆటోలో మాటే.

నా లెక్కలో తల్లికి రూపం ముఖ్యమా, గుణం ముఖ్యమా అన్న ప్రశ్నే తప్పు. కూతురికి రెండు జడలేసి రిబ్బన్లు కడితే, చంటోడికి దిష్టి చుక్క పెడితే ఎవరి సొమ్మూ పోదు. పక్కింటి పిల్లను “కర్రెది” అని పిలిస్తే, తన కూతురికి నలుగు పెడుతూ “జర తెల్లగైతవు” అంటే పోయేది చాలా ఉంది. బిడ్డ గుణం ఇలాంటి మాటల్లోనే తయారవుతుంది. తండ్రులు ఇంతకన్నా మెరుగని అనడం లేదు. అరుగు మీద కూర్చుని వాళ్లనే మాటలు ఇంకా మోటుగా ఉంటాయి. కాకపోతే పొద్దస్తమానం పిల్లలు వినేది ఎక్కువగా తల్లి గొంతే.

2020లో పెండ్లి సంబంధాల వెబ్‌సైట్ షాదీ డాట్‌కామ్ వాళ్లు ఒంటి రంగు ఫిల్టర్ తీసేశారు. అదే ఏడాది ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. మన ఊళ్లో సంబంధాలు తెచ్చే మధ్యవర్తి అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఇప్పటికీ “పిల్ల కలర్ ఎట్లుంటది?” తల్లిని చూసి పిల్లను తేవాలంటారు పెద్దలు. తల్లిని చూసి పిల్లగాణ్ని ఎంచుకోవాలని ఎవరూ అనలేదెందుకో. ఆడపిల్లవాళ్లకు అంతకన్నా పనికొచ్చే సలహా లేదు.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి చౌటుప్పల్‌లో 2015లో పైలాన్ కట్టారు. ఆ తర్వాత నల్లాల్లో కృష్ణా నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పండ్లకు గార బాధ లేదు. ముందు పుట్టిన అక్కల మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి, కొత్త నీళ్లు పాత మచ్చను కడగలేవు. పెండ్లికి ముందు కూతురి ముందరి పండ్లకు తొడుగులు వేయించడానికి తల్లి చిట్టీ ఎత్తితే నేను తప్పుపట్టను. ఆ ఖర్చు ఆమెదెందుకవ్వాలన్నదే నా ప్రశ్న. పిల్ల చేసిన తప్పేం లేదు, ఊరికి దొరికిన నీళ్లే అవి. సర్కారు దవాఖానాల్లో ఈ వైద్యం ఉచితంగా చేయమని అడగాలి. సోకుల పద్దు కింద రాసి తోసేస్తే ఒప్పుకోవద్దు.