8 రంధ్రాల ఫ్లాంజి, 12 రంధ్రాల వాల్వు

చెన్నైలో అంబత్తూరు, గిండీ ప్రాంతాల డిజైన్ ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ల ఫోన్లలో కొద్ది రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ముందే తయారుచేసి పెట్టుకున్న డైనమిక్ బ్లాకులను (కంప్యూటర్ డ్రాయింగులో వాడే, కొలతలు మార్చుకోగల గుర్తులను) డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ డేటాకు, అంటే డ్రాయింగుల వివరాలుండే రిజిస్టరుకు, ముడిపెడితే డ్రాయింగు మన చేయి దాటిపోతుంది. రిజిస్టరులో ఒక్క తప్పు పడితే అన్ని షీట్లూ చెడతాయి. ఆమోదం పొందిన డ్రాయింగులు కూడా చడీచప్పుడు లేకుండా మారిపోతాయి. క్లయింటు తెరిస్తే అంకెలుండాల్సిన చోట గుర్తులు కనిపిస్తాయి. చిన్న ఆఫీసులకు ఆ ఖర్చు తలకు మించిన భారం. చివరికి డ్రాఫ్ట్స్‌మన్‌తో పనే ఉండదు. కాబట్టి చేత్తో టైపు చేసిందే నమ్మకం.

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటున్న పిల్లలు దీన్ని నిజమనుకుంటున్నారు. అందుకే ఒక్కొక్క మాటకీ జవాబు రాస్తున్నాను.

ఒక్క తప్పు అన్ని షీట్లకూ పాకుతుందన్న మాటతో మొదలుపెడతాను. నేను ఇదివరకు పనిచేసిన ఒక ఆఫీసులో 6 అంగుళాల పైపులైను ఒకదాన్ని క్లాస్ 150 నుంచి క్లాస్ 300కి మార్చారు (క్లాసు అంటే ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే స్థాయి). ఆ లైను నాలుగు షీట్లలో ఉంది. మూడింటిలో సరిగ్గానే దిద్దారు. నాలుగో షీటులో రివిజన్ అక్షరం (డ్రాయింగు దిద్దినప్పుడల్లా మార్చే గుర్తు) మార్చారు, వాల్వు పక్కన ఉన్న క్లాసు మాత్రం 150గానే మిగిలిపోయింది. కొత్త అక్షరం కనిపించింది కాబట్టి చెక్ చేసినవారు అన్నీ మారాయనుకున్నారు. షాపులో ఆ షీటు చూసి క్లాస్ 150 ఫ్లాంజిని (బోల్టులతో బిగించే పైపు అంచు చక్రాన్ని) స్పూలుకు, అంటే షాపులో ముందే తయారుచేసే పైపు ముక్కకు, వెల్డు చేశారు. దానికి 241.3 మిల్లీమీటర్ల బోల్టు వృత్తం మీద 8 రంధ్రాలుంటాయి. సైటుకు వచ్చిన వాల్వుకు 269.9 మిల్లీమీటర్ల వృత్తం మీద 12. ఆ స్పూలును కోసి మళ్లీ చేయాల్సి వచ్చింది.

అది చేత్తో టైపు చేసిన తప్పు. ఆ వాల్వు బ్లాకులోని క్లాసు వాల్వుల జాబితా నుంచే వచ్చి ఉంటే ఒక్క వరుస దిద్దితే నాలుగు షీట్లూ దిద్దుకునేవి. జాబితాలోనే తప్పుంటే నాలుగూ తప్పవుతాయి, నిజమే. కానీ అప్పుడు వెతకాల్సింది ఒక్కచోటే. మూడు షీట్లు ఒప్పు, ఒకటి తప్పు అయినప్పుడు పట్టుకోవడం ఎంత కష్టమో చెక్ చేసేవాళ్లను అడగండి. షీటు వివరాలు రాసే గడి, టైటిల్ బ్లాకు సంగతీ అంతే. 2004 నాటి ఐఎస్ఓ 7200 ప్రమాణం గుర్తింపు సంఖ్య, శీర్షిక, జారీ తేదీ, తయారుచేసినవారు, ఆమోదించినవారు వంటి వివరాలు తప్పనిసరిగా ఉండాలంటుంది. ఇవన్నీ రిజిస్టరులో ఒకసారి రాసి ఉన్నవే. మళ్లీ టైపు చేసిన ప్రతిసారీ తప్పుకు ఇంకొక తలుపు తెరుస్తున్నాం.

ఆమోదించిన డ్రాయింగు మారిపోతుందన్న భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోకాడ్‌లో ఫీల్డ్‌ఇవాల్ అనే సెట్టింగు ఉంది. మామూలుగా దాని విలువ 31. అంటే ఫైలు తెరిచినా, సేవ్ చేసినా, ప్లాట్ తీసినా, ఈ-ట్రాన్స్‌మిట్ చేసినా (పంపడానికి మూటకట్టినా), రీజెన్ చేసినా (తెర మీద మళ్లీ గీయించినా) ఫీల్డులు, అంటే వేరేచోట ఉన్న విలువను తెచ్చి చూపే అక్షరాలు, కొత్త విలువ తెచ్చుకుంటాయి. నిరుడు జారీ చేసిన షీటును ఈ రోజు తెరిచి ప్రింటు తీస్తే అందులో ఈ రోజు వివరాలు రావచ్చు. ఇది ప్రమాదమే. దీనికి మందు కూడా అంతే తేలిక. జారీ చేసే రోజునే పీడీఎఫ్ తీసి భద్రపరచాలి, జారీ ప్రతిలోని ఫీల్డులను మామూలు అక్షరాలుగా మార్చేయాలి, ఆమోదం పడిన ఫైలుకు వ్యవస్థలోనే తాళం వేయాలి. ఈ మూడూ చేయని ఆఫీసులో ముడి పెట్టినా తప్పులొస్తాయి, పెట్టకపోయినా వస్తాయి.

గుర్తులు కనిపిస్తాయన్నదీ సగమే నిజం. ఫీల్డు వెతుకుతున్నది దొరక్కపోతే #### అని చూపుతుంది. బ్లాకు అట్రిబ్యూటులో (బ్లాకుకు తగిలించిన వివరాల గడిలో) రాసేసిన విలువ అయితే డ్రాయింగు ఫైలులోనే ఉంటుంది, క్లయింటు దగ్గర మన సర్వరు లేకపోయినా కనిపిస్తుంది. పంపేముందు ఆఫీసు నెట్‌వర్క్‌కు కలపని కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూస్తే అనుమానం తీరుతుంది.

ఖర్చు మాట. డైనమిక్ బ్లాకులు ఆటోకాడ్ 2006 నుంచీ ఉన్నాయి. సర్వరు కొనలేని నలుగురి ఆఫీసుకు ఆటోకాడ్‌తో వచ్చే అదనపు పనిముట్లు ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోని అట్‌అవుట్, అట్‌ఇన్ కమాండ్లు చాలు. అట్‌అవుట్ కొడితే ఎంచుకున్న బ్లాకుల వివరాలన్నీ ఒక టెక్స్ట్ ఫైలులోకి వస్తాయి, దాన్ని ఎక్సెల్‌లో తెరవవచ్చు. మొదటి నిలువు వరుసలో ప్రతి బ్లాకుకూ ఒక హ్యాండిల్ (గుర్తింపు కోడు) ఉంటుంది. దాన్ని ముట్టుకోకూడదు, తిరిగి వెళ్లేటప్పుడు ఏ విలువ ఏ బ్లాకుదో దాన్నిబట్టే తెలుస్తుంది. ఒక బ్లాకులో లేని అట్రిబ్యూటు గడిలో <> అని ఉంటుంది, దాన్నీ అలాగే వదలాలి. మిగిలినవి రిజిస్టరుతో సరిచూసి దిద్ది, టెక్స్ట్ ఫైలుగానే సేవ్ చేసి, అదే డ్రాయింగులో అట్‌ఇన్ కొట్టాలి. టైటిల్ బ్లాకుతోనూ ఓ పది గుర్తులతోనూ మొదలుపెడితే చాలు, మొదటి రోజే మొత్తం లైబ్రరీ కావాలని ఎవరూ అడగరు.

ఇక డ్రాఫ్ట్స్‌మన్‌తో పని ఉండదన్న మాట. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది ఇదే. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి గేట్ వాల్వు బ్లాకు ఒకటి చేసింది. గ్రిప్ (బ్లాకు మీద కనిపించే చిన్న మీట) నొక్కి క్లాసు ఎంచుకోగానే వాల్వు పొడవు మారుతుంది. 6 అంగుళాల వాల్వుకు క్లాస్ 150లో 267 మిల్లీమీటర్లు, క్లాస్ 300లో 403. మొదట ఆమె బేస్ పాయింటును, అంటే బ్లాకులో కదలకుండా ఉండే బిందువును, వాల్వు నడిమధ్యన పెట్టింది. క్లాసు మార్చగానే వాల్వు రెండు వైపులా 68 చొప్పున పెరిగి, అటు ఇటు పైపుల్లోకి చొచ్చుకుపోయింది. చూసేవారికి అది సరిగ్గానే కూర్చున్నట్టు కనిపించింది. ఆమెకే అనుమానం వచ్చి, బేస్ పాయింటును లోపలికి వచ్చే వైపు ఫ్లాంజి ముఖం మీదికి జరిపింది. ఇప్పుడు పెరుగుదలంతా ఒకే వైపుకు వస్తుంది, 136 మిల్లీమీటర్లూ పక్కనున్న ఎల్బో (పైపు మలుపు) మీదికి ఎక్కి కూర్చుని అందరికీ కనిపిస్తాయి. ఆ ఎల్బోను జరపాలని ఆ సాయంత్రమే పైపింగ్ ఇంజినీరు గారికి చెప్పింది.