రెండో బోర్డు పెట్టి చూపించమనాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ ధరలను చూపే వెబ్ పేజీ తయారు చేయమంటే, ఇంజనీరింగ్ విద్యార్థి ధరల బోర్డును ఒక జావాస్క్రిప్ట్ మాడ్యూల్‌గా (ఇతర ఫైళ్లు తెచ్చుకుని వాడుకోగల కోడ్ ఫైలుగా) రాసి, పత్తికి అది సరిగ్గా పనిచేయగానే పని ముగిసిందనుకోవడం సహజం. అదే పేజీలో మిర్చికి మరో బోర్డు పెట్టమన్నప్పుడు అసలు లోపం బయటపడుతుంది. మాడ్యూల్ పైభాగంలో ప్రకటించిన సెట్టింగులను రెండోసారి పిలిచిన ప్రారంభ ఫంక్షన్ చెరిపేసి తనవి రాస్తుంది కనుక, పత్తి బోర్డు మీద తేజ మిర్చి ధర కనిపిస్తుంది. బస్తాలు ట్రాలీకి ఎక్కించే ముందు రైతు ఫోన్‌లో చూసుకునే ధర విషయంలో ఇది చిన్న పొరపాటు కాదు.

ఇందులో భాష తప్పేమీ లేదు. జావాస్క్రిప్ట్ 2015 ప్రమాణంతో వచ్చిన మాడ్యూళ్లను ఎన్ని ఫైళ్లు ఇంపోర్ట్ చేసుకున్నా కోడ్ ఒక్కసారే నడుస్తుంది, అందరికీ అదే ప్రతి అందుతుంది. బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో మాడ్యూళ్లను తెచ్చే రిక్వైర్ ఫంక్షన్ కూడా మొదటి ఫలితాన్ని దాచుకొని మళ్లీ అదే ఇస్తుంది. కాబట్టి మారే విలువలను మాడ్యూల్ పైభాగంలో ఉంచితే అవి అందరి ఉమ్మడి ఆస్తి అవుతాయి. అక్కడ ఎన్నడూ మారని డిఫాల్ట్ విలువలు మాత్రమే ఉండాలి. మిగిలినదంతా, పిలిచిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్‌ను తిరిగిచ్చే ఫ్యాక్టరీ ఫంక్షన్ లోపలికి వెళ్లాలి. ఫంక్షన్ తాను పుట్టిన చోటి విలువలను తన వెంటే ఉంచుకునే గుణం, అంటే క్లోజర్, వల్ల ఏ బోర్డు స్థితి దానికే ఉంటుంది. ఆబ్జెక్ట్‌లకు నమూనాగా రాసే క్లాస్‌తోనూ ఇదే సాధ్యం, 2022 ప్రమాణం నుంచి బయటి కోడ్‌కు అందని ప్రైవేట్ ఫీల్డులూ ఉన్నాయి. అయినా క్లాస్‌లోని ఫంక్షన్‌ను (మెథడ్‌ను) క్లిక్ లాంటి వాటికి స్పందించే ఈవెంట్ హ్యాండ్లర్‌గా అప్పగించినప్పుడు, అది ఏ ఆబ్జెక్ట్‌దో చెప్పే ‘దిస్’ జారిపోయే చిక్కు క్లోజర్ వాడే ఫ్యాక్టరీలో ఉండనందున, చిన్న మాడ్యూళ్లకు ఫ్యాక్టరీయే మేలని నా అభిప్రాయం.

ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది డిఫాల్ట్‌లతో బోర్డు అడిగిన సెట్టింగులను కలిపే చోట. ఇందుకు వాడే ఆబ్జెక్ట్ అసైన్ ఫంక్షన్ అయినా, మూడు చుక్కలతో రాసే స్ప్రెడ్ అయినా పై పొరను మాత్రమే కాపీ చేస్తాయి. డిఫాల్ట్‌లలో ‘ప్రదర్శన’ అనే లోపలి ఆబ్జెక్ట్‌లో రంగు, క్వింటాలు అనే కొలమానం ఉన్నాయనుకుందాం. మిర్చి బోర్డు రంగు ఒక్కటే మార్చమని అడిగితే లోపలి ఆబ్జెక్ట్ మొత్తం మారిపోయి కొలమానం మాయమవుతుంది. ఏమీ అడగని బోర్డులన్నీ ఆ ఒకే లోపలి ఆబ్జెక్ట్‌ను పంచుకుంటాయి గనుక, ఒకటి దాన్ని సవరిస్తే మిగతావీ మారతాయి. స్ట్రక్చర్డ్ క్లోన్ అనే ఫంక్షన్‌తో లోపలి పొరలనూ కాపీ చేద్దామంటే, సెట్టింగుల్లో తర్వాత పిలవడానికి ఇచ్చే కాల్‌బ్యాక్ ఫంక్షన్ ఒక్కటున్నా అది ఎర్రర్ ఇస్తుంది. అందుకే లోపలి పొరలను పేరుపేరునా విడిగా కలపడం, వీలైతే సెట్టింగులను ఒకే పొరలో ఉంచడం మంచిది.

బోర్డు తన భాగాలను పేజీ అంతటా ఐడీతో వెతక్కుండా, తనకు అందించిన ఎలిమెంట్ (పేజీలోని ఒక భాగం) లోపలే వెతకాలి. ధరలను తాజా పరిచే టైమర్‌ను ఆపి, క్లిక్ లాంటి వాటిని కనిపెట్టే లిజనర్లను తీసేసే ఫంక్షన్ కూడా ప్రతి బోర్డుకూ ఉండాలి. లేకుంటే తెర మీద నుంచి తొలగించిన బోర్డు కూడా సర్వర్‌ను అడుగుతూనే ఉంటుంది.

మడికొండ ఐటీ పార్కులో కొలువు కోరుకునే మన పిల్లలను ప్రాజెక్టు వైవాలో ‘పనిచేస్తుందా’ అని అడిగి వదిలేయకుండా, అదే పేజీలో వేరే సెట్టింగులతో రెండో బోర్డు పెట్టి, మొదటిదాన్ని తొలగించి చూపించమని అధ్యాపకులు అడగాలి. రెండు బోర్డులకూ ఒకే సర్వర్ నుంచి ధరలు వస్తున్నప్పుడు, ఆ తెచ్చే భాగం ఉమ్మడిగా ఉండటమే సరైనది; అయితే దాన్ని కూడా ఫ్యాక్టరీకి ఒక సెట్టింగుగా బయటి నుంచి అందించమనాలి.