ఇల్లు అద్దెకిస్తారా, ఇంటర్వ్యూ చేస్తారా?

మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ నచ్చి టోకెన్ అడ్వాన్స్ ఇస్తానంటే ఓనరుగారు పుచ్చుకోరు. "ఇంకో ముగ్గురు చూసెళ్లారండీ, ఆలోచించి చెప్తాం" అంటారు. ముందెవరు అడిగారన్నది లెక్కే కాదు. ఎంతమంది ఉంటారు, నాన్‌వెజ్ వండుతారా, చుట్టాలొస్తారా, చివర్లో మెల్లగా "ఇంతకీ మీరేవిట్లు?" అద్దె కట్టేది జీతంతోనండీ, కులంతో కాదు!

ఆధార్ జిరాక్సు, ఆఫీసు ఐడీ కార్డు ఫొటో, అన్నీ తీసుకున్నాక ఇక ఫోన్ ఎత్తరు. వెయ్యి ఎక్కువిస్తామన్న వాళ్లకి ఇచ్చేశారని వాచ్‌మన్ చెప్పాలి. ఇచ్చుకోండి, ఇల్లు మీది. కాదని ఒక్క మెసేజ్ పెడితే మీ సొమ్మేం పోయింది? కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటొద్దంది గానీ, ఈ నాన్చుడు గురించి ఏమీ అనలేదు మరి. ఇక్కడ ఖాళీ చేయాల్సిన తేదీ ముంచుకొస్తోంది. ఇంకో బ్రోకరేమో ఇల్లు చూపించకముందే నెల అద్దె కమీషన్ అడుగుతున్నాడు.