కదలని మనిషిని టెన్నిస్ ఆడమన్న శాస్త్రవేత్త

2005 జులైలో బ్రిటన్‌లో రోడ్డు ప్రమాదంలో గాయపడిన 23 ఏళ్ళ యువతి ఐదు నెలలు గడిచినా ఎవరి మాటకూ స్పందించలేదు. నిద్రపోయేది, కళ్ళు తెరిచేది, అంతే. వైద్యులు ఈ స్థితిని వెజిటేటివ్ స్టేట్ అంటారు. మన వాడుకలో అన్నిటికీ కోమా అన్న ఒక్క మాటే గానీ, కోమాలో ఉన్నవారు కళ్ళు తెరవరు. కళ్ళు తెరిచి చూస్తున్నట్టే ఉండి పలకని మనిషి పక్కన కూర్చోవడం ఇంటివాళ్ళకు ఇంకా పెద్ద నరకం.

కేంబ్రిడ్జ్‌లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం ఆమెను ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని చెప్పింది. తర్వాత తన ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకోమంది. మొదటిదానికి కదలికలను సిద్ధం చేసే సప్లిమెంటరీ మోటార్ ఏరియా, రెండోదానికి దారీ తెన్నూ గుర్తుంచుకునే భాగాలు ఆరోగ్యవంతుల్లో లాగానే చురుకయ్యాయి. 2006లో సైన్స్ పత్రికలో ఈ ఫలితం వచ్చినప్పుడు అందరూ యంత్రాన్ని పొగిడారు. నా దృష్టిలో పొగడవలసింది ఆ ప్రశ్నను.

మెదడులో రక్తం ఎటు పరుగెడుతోందో చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ అప్పటికి పదిహేనేళ్ళ పాతది. ఓవెన్ కూడా 1997లోనే స్పందన లేని ఒక రోగికి ఇంటివాళ్ళ ఫోటోలు చూపించి మెదడు చురుకుదనాన్ని చూపే మరో రకం స్కాన్ అయిన పెట్ స్కాన్‌లో మెదడు ఉలిక్కిపడటం చూశారు. ఆ రోగి తర్వాత క్రమంగా కోలుకుంది కూడా. అయితే తెలిసిన ముఖానికి మెదడు పలికినంత మాత్రాన లోపల మనిషి మేలుకుని ఉన్నట్టు కాదు. నిద్రలోనూ మన పేరు వినబడితే మెదడు పలుకుతుంది. ఊహించుకోమన్నప్పుడు సంగతి వేరు. మాట అర్థం కావాలి, గుర్తుండాలి, చేయాలని అనుకోవాలి, ఆపమనే దాకా అర నిమిషం పట్టు వదలకూడదు. 'టెన్నిస్' అన్న మాట వినగానే మెదడు తనంతట తాను స్పందించి ఉంటుందన్న విమర్శకులకు ఆ అర నిమిషమే జవాబు. (మన ఊళ్ళో పెద్దావిడకైతే టెన్నిస్ బదులు రోకలితో వడ్లు దంచుతున్నట్టు ఊహించుకోమనాలేమో!)

2010 నాటికి ఇదే సంభాషణ అయింది. అవునంటే టెన్నిస్, కాదంటే ఇల్లు. తండ్రి పేరు వంటి ఆరు ప్రశ్నల్లో అయిదింటికి ఒక రోగి సరైన జవాబులిచ్చాడు. 2012లో కెనడాలో పన్నెండేళ్ళుగా పలకని మరొకరిని నొప్పిగా ఉందా అని అడిగితే, లేదన్నాడు. ఇంతకాలం ఆ ఒక్క ప్రశ్నా అడిగే దారి లేకపోయింది.

అయితే ఇక్కడే తొందరపడకూడదు. 2010 పరిశోధనలో చూసిన 54 మందిలో ఇలా స్పందించింది అయిదుగురే. మిగిలిన 49 మంది లోపల ఎవరూ లేరనా? యూరప్, అమెరికాల్లోని ఆరు కేంద్రాలు కలిసి 2024లో ప్రచురించిన ఫలితం చూడండి. మంచం పక్కన ఏ ఆదేశానికీ స్పందించని 241 మందిలో 60 మంది స్కాన్‌లోనో, మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీలోనో స్పందించారు. పత్రికలన్నీ ఈ నలుగురిలో ఒకరి లెక్కనే పట్టుకున్నాయి. నన్ను ఆపేసింది రెండో లెక్క. చెప్పిన మాట కళ్ళెదుటే వింటున్న 112 మందికీ అదే పరీక్ష పెడితే, యంత్రం పట్టుకున్నది 43 మందినే. స్పృహలో ఉన్నారని తెలిసినవాళ్ళలోనే సగానికి పైగా దానికి దొరకలేదు. కాబట్టి ఆ యంత్రం 'ఉన్నాడు' అంటే నమ్మవచ్చు. అది ఏమీ అనకపోతే, ఏమీ తేలనట్టే.

మన దేశంలో ఈ తేడా కోర్టు గడప దాకా వెళ్ళే విషయం. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో 1973 నుంచి 2015లో కన్నుమూసేదాకా మంచానికే పరిమితమైన నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులోనే 2011లో సుప్రీంకోర్టు పాసివ్ యుథనేసియాకు, అంటే బతికించే వైద్యాన్ని ఆపి రోగిని సహజ మరణానికి వదిలేయడానికి, తలుపు తీసింది. 2018 తీర్పు దానికి మెడికల్ బోర్డుల పద్ధతి పెట్టింది. రేపు ఏదో ఒక బోర్డు ముందుకు ఏ స్పందనా కనిపించని ఖాళీ స్కాన్ ఒకటి సాక్ష్యంగా వస్తుంది. దాన్ని తీర్పుగా చదవకూడదు.

స్కాన్ అందనివాళ్ళ మాటేమిటి? 2009లో బెల్జియంలో వైద్యులు వెజిటేటివ్ స్టేట్ అని నిర్ధారించిన 44 మందిని కోమా రికవరీ స్కేల్ అనే పద్ధతిలో మళ్ళీ పరీక్షిస్తే 18 మందిలో ఎంతో కొంత స్పృహ బయటపడింది. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. అరగంట సమయం, వేర్వేరు రోజుల్లో అయిదారుసార్లు పరీక్షించే ఓపిక ఉండాలి. చూపు కదులుతుందో లేదో తెలుసుకోవడానికి కదిలే వస్తువు కన్నా, కదిలే మనిషి కన్నా మెరుగ్గా పనిచేసేది ఒక చేతి అద్దం. చాలామంది చూపు ముందు వెంబడించేది తమ ముఖాన్నే.