హక్కులు కెనడీ, జాన్సన్ దయతలిచి ఇచ్చారా?

వారం నుంచి ఏ గ్రూపు చూసినా ఒకటే ఫార్వర్డ్: అమెరికాలో నల్లవాళ్లకి హక్కులొచ్చింది 1960ల నాటి అధ్యక్షులు కెనడీ, జాన్సన్‌ల పెద్దమనసు వల్లేనంట, రోడ్డెక్కి గొడవ చేస్తే పనులు లేటవడం తప్ప ఒరిగేదేం లేదంట. మనవాళ్లే లైకులు కొడుతున్నారు కాబట్టి చెప్పక తప్పట్లేదు.

"కెనడీకి మొదట్నుంచీ ఆ ఉద్దేశం ఉంది" అంటున్నారు. 1960 ఎన్నికల్లో ఆయనే అన్నాడు, సర్కారు సాయంతో కట్టే ఇళ్లల్లో వివక్షని ఒక్క సంతకంతో తీసేయొచ్చని. గెలిచాక ఆ సంతకం పెట్టడానికి 1962 నవంబర్ దాకా పట్టింది, ఈలోపు జనం విసుగెత్తి వైట్‌హౌస్‌కి పోస్టులో పెన్నులు పంపారు, పాపం పెన్ను లేక ఆగాడేమో అని! నల్లవాళ్లకి హక్కులొద్దనే తన సొంత పార్టీ దక్షిణాది నేతలతో (డెమోక్రాట్లతో) ఎక్కడ చెడుతుందో అని ఆయన భయం. 1963 మేలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో వివక్షకి వ్యతిరేకంగా స్కూలు పిల్లలు ఊరేగింపు తీస్తే పోలీసులు కుక్కల్ని వదిలి, ఫైరింజన్ నీళ్లు కొట్టి, వందలమందిని జైల్లో వేశారు, ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. జూన్ 11న కెనడీ టీవీలోకొచ్చి వివక్షని ఆపే పౌరహక్కుల చట్టం తెస్తానన్నాడు, అదీ బర్మింగ్‌హామ్ పేరు ఎత్తి మరీ.

ఇక లేటవడం సంగతి. హక్కుల కోసం రాజధాని వాషింగ్టన్‌లో తలపెట్టిన భారీ ఊరేగింపు వద్దు, ఆ చట్టం బిల్లు దెబ్బతింటుందని కెనడీ కూడా నచ్చజెప్పబోయాడు. ఆగస్టు 28న రెండున్నర లక్షల మంది వచ్చారు, ప్రశాంతంగా వెళ్లిపోయారు. మరుసటేడు ఆ బిల్లుని వారాల తరబడి ఉపన్యాసాలు దంచి ఆపింది సెనేట్‌లో కూర్చున్న పెద్దమనుషులు, రోడ్డు మీదోళ్లు కాదు.

కెనడీ తర్వాత అధ్యక్షుడైన జాన్సన్ గట్టివాడే, కాదనను. సెనేట్‌లో ఆ ఉపన్యాసాల అడ్డుని 71-29 ఓట్లతో తీయించి బిల్లుని గట్టెక్కించిన లెక్కలు ఆయనవే, 1964 జులై 2న సంతకం పెట్టాడు. కానీ ఓటు హక్కు బిల్లు? ఇప్పుడప్పుడే కుదరదని ఆ డిసెంబర్‌లో ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌కి చెప్పేశాడు. అప్పటికి అలబామాలోని సెల్మా ఊరున్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) దాదాపు 15,000 మంది నల్లవాళ్లకి ఓటు వయసుంటే నమోదైంది మూడొందల చిల్లర, నమోదు ఆఫీసు తెరిచేదే నెలకి రెండ్రోజులు. 1965 మార్చి 7న అక్కడి వంతెన మీద ఓటు హక్కు కోసం తీసిన ఊరేగింపుని పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చెదరగొట్టారు, ముందు నడిచిన ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ పుర్రె చిట్లింది. ఆ రాత్రే దేశమంతా టీవీలో చూసింది. సరిగ్గా ఎనిమిది రోజులకి, కుదరదన్న జాన్సనే కాంగ్రెస్ ముందుకొచ్చి బిల్లు అడిగాడు, ఆగస్టు 6కి చట్టమైంది. ఈ పోరాటంలో అసలు హీరో నల్లవాడేనని ఆ ప్రసంగంలో ఆయనే ఒప్పుకున్నాడు, మరి ఫార్వర్డ్ రాసినాయనకేంటో బాధ.